గిటార్‌కు తొలి పెడల్ - కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు



మన కోరాపుట్, రాయగడ జిల్లాల్లో గిటార్ కొత్త వాయిద్యమేమీ కాదు. చర్చిలో యువజనుల పాటలకు, పెళ్లి పందిట్లో ఆర్కెస్ట్రాకు, కాలేజీ వార్షికోత్సవానికి గిటార్ పట్టుకున్న కుర్రవాడో అమ్మాయో కనిపిస్తూనే ఉంటారు. నాలుగు పాటలు చేతికి వచ్చాక వాళ్లకు ఒక కోరిక పుడుతుంది. సినిమా పాటలో గిటార్ అలా గర్జిస్తుంది, మన గిటార్ ఇలా పలుకుతుందేమిటి అని. ఎవరో ఒకరు చెబుతారు: ‘దానికి పెడల్స్ ఉంటాయి, కాలితో నొక్కుతారు’ అని. అక్కడి నుంచి డబ్బు కూడబెట్టడం మొదలవుతుంది.

నగరంలో ఉన్నవారు ఒక పెడల్ కొని, నచ్చకపోతే మర్నాడు వెళ్లి మార్చుకోగలరు. దసమంతపూర్ కుర్రవాడికి ఆ వీలు లేదు. కోరాపుట్ వెళ్లి కిరండూల్ రైలు పట్టుకుని విశాఖపట్నం చేరాలి. లేదా రాయగడ మీదుగా వెళ్లాలి. పార్సిల్‌లో తెప్పించుకుంటే చెవితో విని కొనే అవకాశం ఉండదు. కొన్ని నెలల కూలి డబ్బో, అమ్మ దాచిన డబ్బో ఒక చిన్న ఇనుప పెట్టె మీద పెడుతున్నప్పుడు ఆ పెట్టె ఏం చేస్తుందో, ఏం చేయలేదో ముందే తెలుసుకోవడం మంచిది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

ముందుగా, పెడల్ అంటే ఏమిటి? ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కింద పికప్ అనే భాగం ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ, అంతే. ఉక్కు తీగ కంపించినప్పుడు ఆ రాగి చుట్టలో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. అది కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్‌కు వెళ్లి పెద్దదై స్పీకర్‌లో నాదంగా వినిపిస్తుంది. గిటార్‌కు, ఆంప్లిఫయర్‌కు మధ్య దారిలో నిలబడి ఆ విద్యుత్తు రూపాన్ని మార్చే పెట్టె పెడల్. వాయించేవారి రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి మీటను కాలికి ఇచ్చారు.

కాబట్టి మొదటి ప్రశ్న: మీ గిటార్‌కు కేబుల్ పెట్టే రంధ్రం ఉందా? మన వైపు చాలామంది దగ్గర ఉండేది చెక్క డొల్ల గిటార్, అంటే అకూస్టిక్. దానికి పికప్ లేకపోతే ఏ పెడలూ పనిచేయదు. ముందు పికప్ అమర్చుకోవాలి. పికప్ ఉన్నా, డొల్ల గిటార్‌కు గర్జించే పెడల్స్ నప్పవు. స్పీకర్ శబ్దం తిరిగి డొల్లలోకి దూరి, కుయ్యిమని ఈల మొదలవుతుంది. అటువంటి గిటార్‌కు శ్రుతి చూసే ట్యూనర్, కొంచెం రివర్బ్ చాలు.

ఇక పెడల్స్‌లో రకాలు. పేర్లు వందలున్నాయి గాని, అవి చేసే పనిని బట్టి చూస్తే నాలుగైదు కుటుంబాలే.

మొదటిది గరుకు చేసే కుటుంబం. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అనే ముగ్గురు అన్నదమ్ములు. స్వరం తరంగాన్ని ఒక కొండ శిఖరంగా ఊహించుకోండి. ఆ శిఖరాన్ని కొద్దిగా, నున్నగా చెక్కితే ఓవర్‌డ్రైవ్. గట్టిగా నరికితే డిస్టార్షన్. దాదాపు బల్లలా చదును చేస్తే ఫజ్. అలా నరికినప్పుడు అసలు స్వరంతోపాటు దాని పైస్థాయి అనుస్వరాలు కూడా బలంగా పలుకుతాయి. మన ధెంసా నాట్యంలో ఊదే మొహురి గుర్తు చేసుకోండి. ఒక్క మనిషి ఊపిరితో ఊదే వాయిద్యం ఇన్ని డప్పుల మధ్య కూడా గుచ్చినట్టు వినిపిస్తుంది. దాని నాదంలో పైస్థాయి అనుస్వరాలు దండిగా ఉండడమే అందుకు కారణం. గరుకు పెడల్ గిటార్‌కు అటువంటి గొంతునే ఇస్తుంది.

ఈ గరుకుతనం మొదట ఒక లోపంగా పుట్టింది. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తుండగా పరికరంలో ఒక భాగం చెడిపోయి, గిటార్ శబ్దం బొంగురుపోయింది. పాట పేరు ‘డోంట్ వర్రీ’. 1961లో అది అలాగే విడుదలైంది. జనానికి ఆ బొంగురు గొంతు నచ్చింది. ఆ రికార్డింగ్ చేసిన ఇంజనీర్ గ్లెన్ స్నాడీ, కావాలనుకున్నప్పుడు ఆ లోపాన్ని తెప్పించే సర్క్యూట్ తయారుచేశారు. 1962లో అది మేస్ట్రో ఫజ్-టోన్ అనే పేరుతో అంగడికి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందం ‘సాటిస్‌ఫాక్షన్’ పాటలో దాన్ని వాడాక ప్రపంచమంతా పాకింది. తరువాత 1977లో జపాన్ కంపెనీ బాస్ అరచేతిలో పట్టే పెడల్స్ వరస మొదలుపెట్టింది. 1979లో ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్ వచ్చింది. ఈనాడు చవకగా దొరికే ఓవర్‌డ్రైవ్‌లలో చాలావాటికి ఈ రెండింటి పోలికలే.

రెండవది కాలంతో ఆడుకునే కుటుంబం. డిలే, రివర్బ్. వీటిని వివరించడానికి మన కొండలకంటే మంచి బడి లేదు. ఎదురుగా 85 మీటర్ల దూరంలో నిటారు కొండ ఉందనుకోండి. మీరు కేక వేస్తే ఆ శబ్దం వెళ్లి తిరిగి రావడానికి 170 మీటర్లు ప్రయాణిస్తుంది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక సరిగ్గా అర సెకనుకు మీ కేక మీకు తిరిగి వినిపిస్తుంది. ఇదే డిలే. రివర్బ్ అలా కాదు. రాతి మండపంలోనో, ఎత్తైన కప్పు ఉన్న చర్చిలోనో చప్పట్లు కొట్టండి. వేల చిన్న ప్రతిధ్వనులు విడివిడిగా తెలియకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నాదానికి తోకలా సాగుతాయి. అది రివర్బ్.

డిలే వాడేవారు ఒక చిన్న లెక్క నేర్చుకోవాలి. 60,000ను పాట వేగంతో భాగించండి. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటకు 500 వస్తుంది. అంటే ఒక్కో దెబ్బకు 500 మిల్లీసెకన్లు, అర సెకను. డిలేను అక్కడ పెడితే ప్రతిధ్వని తాళంలో పడుతుంది. లేకపోతే ధోల్ ఒక దారి, మీ గిటార్ ఒక దారి అవుతుంది.

మూడవది ఊగించే కుటుంబం. కోరస్, ఫేజర్, ఫ్లాంజర్, ట్రెమొలో. భజన గోష్ఠిలో పదిమంది ఒకే చరణం పాడినప్పుడు అందరి శ్రుతీ అక్షరాలా ఒకటి కాదు. వెంట్రుకవాసి తేడాలుంటాయి. ఆ తేడాల వల్లే గొంతు నిండుగా ఉంటుంది. కోరస్ పెడల్ మీ స్వరానికి ఒక నకలు తీసి, దాని శ్రుతిని కొద్దికొద్దిగా ఊపుతూ, అసలుతో కలుపుతుంది. ఒక్క గిటార్ రెండు మూడైనట్టు ఉంటుంది.

నాలుగవది సర్దుబాటు కుటుంబం. గొంతు తెరిచి మూసినట్టు వావా అనిపించే వా-వా పెడల్, చిన్న స్వరాన్ని పెంచి పెద్ద స్వరాన్ని అణచి సమం చేసే కంప్రెసర్, వాల్యూమ్ పెడల్ ఇందులోవి. వీటి పక్కనే ట్యూనర్. అది నాదాన్ని మార్చదు, శ్రుతి తప్పిందో లేదో మాత్రం చెబుతుంది. అందుకే కొత్తవారు దాన్ని చిన్నచూపు చూస్తారు. కాని డప్పులు మోగుతున్న పందిట్లో చెవితో శ్రుతి చేయడం ఎంత కష్టమో ఒకసారి వేదిక ఎక్కినవారికి తెలుసు. శ్రుతి తప్పిన గిటార్‌కు ఎన్ని పెడల్స్ తగిలించినా ఆ అపశ్రుతే ఇంకా పెద్దగా వినిపిస్తుంది.

ఇంతవరకూ రకాలు చూశాం. ఇప్పుడు అసలు విషయం: వీటిలో మీరు మొదట ఏది కొనాలి? దీనికి జవాబు పెడల్‌లో లేదు. పెడల్ తరువాత దారిలో ఏముందో దానిలో ఉంది.

మీ దగ్గర గిటార్ ఆంప్లిఫయర్, చిన్నదైనా సరే, ఉందనుకోండి. ముందు దాని మీట్లన్నీ తిప్పి చూడండి. చాలా చిన్న ఆంప్లిఫయర్లలో గరుకుతనం, రివర్బ్ లోపలే ఉంటాయి. ఉన్నదాన్నే మళ్లీ కొనడం ఎందుకు? అవి లేకపోతే, లేదా నాసిగా ఉంటే, తొలి పెడల్‌గా ఓవర్‌డ్రైవ్ తీసుకోవచ్చు. డిస్టార్షన్ కాకుండా ఓవర్‌డ్రైవ్ ఎందుకంటే, అది చేతికి లొంగుతుంది. మెల్లగా మీటితే శుభ్రంగా, గట్టిగా మీటితే గరుకుగా పలుకుతుంది. పూర్తి కార్డ్ వాయించినా స్వరాలు విడివిడిగా తెలుస్తాయి. గరుకు మరీ ఎక్కువైతే కార్డ్‌లోని స్వరాలన్నీ ఒకదానితో ఒకటి రాసుకుని ముద్ద అవుతాయి. కీర్తనలకు, సినిమా పాటలకు కార్డ్స్ వాయించేవారికి ఆ ముద్ద పనికిరాదు.

కాని మన వైపు ఎక్కువమంది పరిస్థితి వేరు. ఆంప్లిఫయర్ ఉండదు. గిటార్ కేబుల్‌ను నేరుగా చర్చిలోని మిక్సర్‌లోనో, పెళ్లివారు తెచ్చిన మైక్‌సెట్‌లోనో పెడతారు. అక్కడ ఒక్క డిస్టార్షన్ పెడల్ తగిలిస్తే కందిరీగల తుట్టె కదిపినట్టు ఉంటుంది. తప్పు పెడల్‌ది కాదు. గిటార్ ఆంప్లిఫయర్‌లోని స్పీకర్ మరీ పైస్థాయి శబ్దాలను పలకలేదు. ఆ పలకలేకపోవడమే జల్లెడలా పనిచేసి, గరుకు నాదంలోని గీపెట్టే భాగాన్ని ఆపేస్తుంది. మాటలు, పాటలు స్పష్టంగా వినిపించాలని చేసిన మైక్‌సెట్ స్పీకర్‌లో ఆ జల్లెడ లేదు. నరికిన ప్రతి అంచూ చెవికి తగులుతుంది. కాబట్టి మిక్సర్‌లోకి నేరుగా వాయించేవారికి స్పీకర్ పెట్టెను అనుకరించే సదుపాయం, అంటే క్యాబినెట్ సిమ్యులేషన్, తప్పనిసరి. ఇది చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టెల్లో సాధారణంగా ఉంటుంది. అందులోనే ట్యూనర్ ఉంటుంది, డిలే, రివర్బ్ ఉంటాయి. హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంట్లో ఎవరినీ నిద్ర లేపకుండా సాధన చేసుకోవచ్చు. మల్టీ ఎఫెక్ట్స్ అంటే కొందరు పెదవి విరుస్తారు. ఆంప్లిఫయర్ లేని విద్యార్థికి మాత్రం తొలి కొనుగోలుగా అదే మేలు. చిక్కు ఒకటే. అందులో వంద శబ్దాలుంటాయి. మూడింటిని ఎంచుకుని, మిగిలిన తొంభై ఏడింటి జోలికి ఒక ఆరు నెలలు పోకుండా ఉండాలి.

తరువాతి ప్రశ్న కరెంటు. పెడల్స్ పాడవడానికి పెద్ద కారణం ఇదే. చాలా పెడల్స్ 9 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. అడాప్టర్ పిన్నుకు లోపలి మొన మైనస్, బయటి గొట్టం ప్లస్ ఉండాలి. మామూలు దుకాణంలో దొరికే అడాప్టర్లలో చాలావాటికి ఇది తిరగబడి ఉంటుంది. పిన్ను సరిగ్గా పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. పెడల్ మీద, అడాప్టర్ మీద చిన్న సున్నా బొమ్మ, దానికి ప్లస్, మైనస్ గుర్తులు ముద్రించి ఉంటాయి. రెండూ ఒకటేనా అని చూసి మరీ తగిలించండి. వోల్టులు పెడల్ అడిగినన్నే ఉండాలి. మిల్లీయాంపులు మాత్రం అడిగినదానికంటే ఎక్కువ ఉన్నా నష్టం లేదు, తక్కువ ఉంటేనే కష్టం. సాదా ఓవర్‌డ్రైవ్‌కు 10, 20 మిల్లీయాంపులు చాలు. డిజిటల్ డిలే, రివర్బ్ వంటివి వందా, అంతకంటే ఎక్కువా అడగవచ్చు. నాసి అడాప్టర్ అయితే స్పీకర్‌లో గుంయ్‌మని ఒకటే మోత.

కరెంటు తరచుగా పోయే ఊళ్లలో 9 వోల్టుల బ్యాటరీ మీద కూడా నడిచే పెడల్ మంచిది. బ్యాటరీ వేసేవారు ఒక మాట గుర్తుంచుకోవాలి. చాలా పెడల్స్‌లో ఇన్‌పుట్ రంధ్రంలో కేబుల్ పెట్టగానే బ్యాటరీ ఖర్చు మొదలవుతుంది. ఎర్ర దీపం వెలిగినా వెలగకపోయినా సరే. వాయించడం అయిపోగానే కేబుల్ తీసేయండి. నెలలు రావలసిన బ్యాటరీ రాత్రికి రాత్రే అయిపోకుండా ఉంటుంది.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ప్రాణానికి సంబంధించిన సంగతి కూడా చెప్పాలి. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు లోపల కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఎర్త్‌కు కలిపి ఉంటాయి. ప్లగ్గులోని మూడో లావు పిన్ను విరగ్గొట్టి, లేదా వైర్లు నేరుగా సాకెట్‌లో గుచ్చి వాయిస్తే ఆ ఎర్త్ ఉండదు. ఆంప్లిఫయర్‌లోగాని, మైక్‌సెట్‌లోగాని లోపం ఉంటే, వేళ్లు తీగల మీద, పెదవులు మైక్ మీద ఉన్న మనిషి గుండా విద్యుత్తు పోతుంది. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో, స్టోన్ ద క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వీ ఎర్త్ సరిగా లేని మైక్ పట్టుకుని వేదిక మీదే ప్రాణం కోల్పోయాడు. వర్షాకాలంలో తడి నేల మీద, చెప్పులు లేని కాళ్లతో వాయించే మన పందిళ్లలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. మైక్ తగిలితే చురుక్కుమంటే ‘కొంచెమే కదా’ అని ఊరుకోవద్దు. వాయించడం ఆపి, ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ చూపించండి. పెడల్ డబ్బుకంటే ముందు పెట్టవలసిన ఖర్చు అది.

ఇక దుకాణంలో ఎలా చూసుకోవాలి? వీలైతే మీ గిటార్ మీరే తీసుకెళ్లండి. దుకాణంలోని ఖరీదైన గిటార్ మీద విన్న నాదం ఇంట్లో రాదు. పెడల్ మీట్లన్నీ గడియారంలో 12 గంటల చోట, అంటే సరిగ్గా మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. మీకు బాగా వచ్చిన పాటే వాయించండి. ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా మీటండి. గిటార్ వాల్యూమ్ సగానికి తగ్గించి మళ్లీ వినండి. వాయించడం ఆపి, పెడల్ పనిచేస్తుండగా ఊరికే ఎంత మోత ఉందో గమనించండి. పాత పెడల్ కొంటుంటే కాలి మీటను పదిసార్లు నొక్కి చూడండి. కేబుల్ పెట్టి కొంచెం కదిపి, బరబరమంటుందేమో చూడండి. బ్యాటరీ మూత తెరిచి తుప్పు ఉందేమో చూడండి.

రెండో పెడల్ కొన్నాక వరస ప్రశ్న వస్తుంది. సాధారణంగా గిటార్ తరువాత ట్యూనర్, ఆపైన వా-వా, కంప్రెసర్, తరువాత ఓవర్‌డ్రైవ్, తరువాత కోరస్, చివర డిలే, రివర్బ్. కారణం తేలికే. ముందు గొంతు తయారవ్వాలి, తరువాత ఆ గొంతు కొండలో ప్రతిధ్వనించాలి. డిలేను ముందు పెట్టి గరుకును వెనక పెడితే ప్రతిధ్వనులన్నీ కలిపి గరుకై బురద అవుతుంది. ఎప్పుడైనా ఆ బురదే కావాలనిపిస్తే తిప్పి పెట్టుకోవచ్చు. ఇది శాసనమేమీ కాదు.

కోరాపుట్ వానల గురించి మీకు చెప్పనక్కరలేదు. తేమకు కేబుల్ రంధ్రాలు చిలుము పడతాయి. పెడల్‌ను పొడి గుడ్డతో తుడిచి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. కొత్త వస్తువుల పెట్టెల్లో వచ్చే, తేమ పీల్చే చిన్న సంచులు పారేయకుండా అందులో వేయండి. చాలా రోజులు వాడకపోతే బ్యాటరీ తీసి విడిగా ఉంచండి.

చివరిగా మన తెలుగువాడి ఉదాహరణ ఒకటి. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారు మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచాన్ని మెప్పించారు. 2014లో కన్నుమూశారు. మామూలు మాండొలిన్‌కు జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటిన స్వరం వెంటనే ఆరిపోతుంది. గమకం పలకాలంటే స్వరం నిలవాలి, తీగ వేలికి లొంగాలి. అందుకే ఆయన ఐదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టారు. ఇక్కడ గమనించవలసింది వరస. తన సంగీతానికి ఏ లోటు ఉందో ఆయనకు ముందు తెలిసింది. ఆ లోటు తీర్చే పరికరం తరువాత వచ్చింది.

మీరు కూడా అదే వరస పాటించండి. ఒక కాగితం తీసుకుని మీరు వాయించే ఐదు పాటల పేర్లు రాయండి. ఒక్కొక్క దాని పక్కన, మీ గిటార్‌కు అక్కడ ఏది తక్కువైందో మీ మాటల్లోనే రాయండి. స్వరం తొందరగా ఆరిపోతోంది, డప్పుల మధ్య వినిపించడం లేదు, మరీ పొడిగా ఉంది, ఇలా. ఐదింటిలో మూడింటి పక్కన ఒకే మాట వస్తే మీకు కావలసిన పెడల్ ఏదో తేలిపోయినట్టే. ఏ మాటా రాయలేకపోతే ఇంకా కొనే సమయం రాలేదన్నమాట. ఒక్కోసారి ఆ లోటు కొత్త తీగలు వేస్తేనో, మంచి కేబుల్ కొంటేనో తీరిపోతుంది. ఒక్కోసారి రోజూ అరగంట ఎక్కువ సాధనతో తీరుతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, చేతికి రాని పాటకు పెట్టెను నిందించి లాభం లేదు.

కొన్న పెడల్‌ను కూడా రోజూ కాసేపు ఆపి వాయించండి. గరుకు శబ్దం చిన్న చిన్న తప్పులను కప్పేస్తుంది. ఆపినప్పుడు కూడా మీ పాట వినబుద్ధి అయితే, పెడల్ వేసినప్పుడు అది మరింత బాగుంటుంది.